మైనస్ పవర్‌కు మైదానపు కళ్లజోడు: తాండూరు ఎండలో ఏది నప్పుతుంది?

దూరపు చూపు ఆనని మనిషి ఎండలో ఆటకో పనికో బయల్దేరాలంటే మన ఊళ్లలో ఇప్పటికీ రెండే దారులు. పవర్ అద్దాలు పెట్టుకుంటే ఎండకు కళ్లు చిట్లించుకోవాలి. చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే ఎదురుగా వచ్చే బంతీ బండీ మసకగా కనబడతాయి. చాలామంది రెండూ తీసేసి జేబులో పెట్టుకుని మైదానంలోకి దిగుతున్నారు. చూపును సరిచేస్తూ, ఎండను ఆపుతూ, దెబ్బకు పగలని కళ్లజోడు ఒకటుంటుందని, దాన్ని మామూలు కళ్లద్దాల దుకాణం ద్వారానే చేయించుకోవచ్చని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో కూడా నల్లగా, వంపుగా, సినిమా హీరోలా కనబడేదే మంచిదనుకునేవాళ్లు ఎక్కువ.

ఈ విషయం వికారాబాద్ జిల్లాలోని తాండూరుకు మరింత అవసరం. ఇక్కడి నేల నాపరాయి నేల. గనుల్లో తీసిన నీలి, పసుపు బండలను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట సిమెంటు కర్మాగారం, రాయి మోసే లారీలు కలిసి గాలిలోకి సన్నటి దుమ్ము లేపుతాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లేత రంగు బండల మీద పడిన వెలుతురు తిరిగి కళ్లలోకే కొడుతుంది. తెల్లవారుజామున పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే యువకులు, సాయంత్రం టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే పిల్లలు, కంది చేలలో పనిచేసే రైతులు, రాయి కొట్టే కార్మికులు, అనంతగిరి ఘాట్ మీదికి సైకిలు తొక్కేవాళ్లు, కోటిపల్లి జలాశయంలో పడవ తెడ్డు వేసేవాళ్లు, వీళ్లందరిలో సైటున్నవాళ్లు ఉంటారు. వాళ్ల ముందున్న దారులన్నిటినీ ఒకచోట పెట్టి తూచడమే ఈ వ్యాసం పని.

సైటు ఎంతమందికి?

మన ప్రాంతానికి దగ్గరి లెక్క ఒకటుంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనం, వారిలో 4.1 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపు చూపు ఆనని మైనస్ సైటు, ఉన్నట్టు తేల్చింది. ఆ జిల్లాలో ఉన్న కొడంగల్ ప్రాంతం 2016లో కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో కలిసింది కాబట్టి ఆ లెక్క మనకు పరాయిది కాదు. నగరాల్లో పరిస్థితి వేరు. ఢిల్లీ బడి పిల్లలపై 2015లో వచ్చిన అధ్యయనంలో ఇది 13.1 శాతం. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి హ్రస్వదృష్టి ఉంటుందని పరిశోధకుడు బ్రయన్ హోల్డెన్ బృందం 2016లో అంచనా వేసింది. పల్లె చదువులు కూడా గదుల్లోకీ తెరల్లోకీ మారుతున్నాయి కనుక తాండూరు లెక్క కూడా పెరిగే దారిలోనే ఉందనుకోవాలి.

ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. అద్దాలు వచ్చాయని పిల్లలను ఆటలు మాన్పించడం తప్పు. ఆరుబయటి వెలుతురు సైటు రాకుండా కాపాడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. ఆ బడుల్లో 30.4 శాతం మందికి సైటు వస్తే, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. తైవాన్ 2010 నుంచే రోజుకు 120 నిమిషాలు పిల్లలను బయట ఉంచే కార్యక్రమం నడుపుతోంది. పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనంలో కూడా రోజుకు రెండు గంటలకు మించి బయట ఆడే పిల్లల్లో సైటు తక్కువగా కనబడింది.

మరి చలువ కళ్లద్దాలు ఆ వెలుతురును అడ్డుకోవా అన్న సందేహం వస్తుంది. టోపీ, చలువ కళ్లద్దాలు పెట్టుకున్నా, చెట్టు నీడలో ఉన్నా, ఆరుబయట కంటికి చేరే వెలుతురు గదిలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువేనని సింగపూర్ పరిశోధకులు కొలిచి చూపారు. కాబట్టి నడి ఎండలో ఆడే బిడ్డకు సరైన రంగు అద్దాలు పెట్టడానికి వెనుకాడనక్కర్లేదు. ఉదయం, సాయంత్రం ఆటకు తెల్లటి పవర్ అద్దాలు, టోపీ చాలు.

నలుపు వేరు, రక్షణ వేరు

కంటికి చేటు చేసేవి అతినీలలోహిత కిరణాలు. ఏళ్ల తరబడి వాటికి గురైతే కంటి తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ పొర, శుక్లాలు వచ్చే ముప్పు పెరుగుతుంది. దుమ్ము, ఎండ కలిసిన చోట ఆ పొర మరీ ఎక్కువ. ఈ కిరణాలను ఆపే గుణం అద్దం పదార్థంలో గానీ, దానిమీది పూతలో గానీ ఉంటుంది, రంగులో ఉండదు. పూర్తిగా తెల్లగా ఉన్న అద్దం కూడా 400 నానోమీటర్ల దాకా వాటిని ఆపగలదు. సంతలో దొరికే నల్లటి అద్దం ఆపకపోవచ్చు. అలాంటి నల్లద్దం వెనుక కంటిపాప పెద్దదవుతుంది, దాంతో లోపలికి వెళ్లే కిరణాలు ఇంకా పెరుగుతాయి. అందుకే దుకాణంలో మొదటి ప్రశ్న 'ఎంత నలుపు?' కాదు, 'యువి 400 ఉందా?' అన్నది. చాలా దుకాణాల్లో దీన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. పెట్టి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

నలుపును అంతర్జాతీయ ప్రమాణంలో 0 నుంచి 4 వరకు తరగతులుగా విభజించారు. 2వ తరగతి అద్దం 18 నుంచి 43 శాతం వెలుతురును లోపలికి పంపుతుంది. 3వ తరగతి 8 నుంచి 18 శాతం పంపుతుంది. 4వ తరగతి 3 నుంచి 8 శాతమే పంపుతుంది కాబట్టి అది మంచు కొండలకు పనికొస్తుంది గానీ బండి నడపడానికి పనికిరాదు. తాండూరు నడి వేసవికి, గని పనికి, మధ్యాహ్నం క్రికెట్‌కు 3వ తరగతి సరిపోతుంది. అనంతగిరి దారి సంగతి వేరు. ఎండలోంచి చెట్ల నీడలోకి, మళ్లీ ఎండలోకి క్షణాల్లో మారే ఘాట్ మలుపుల్లో 3వ తరగతి అద్దం గుంతను దాచేస్తుంది. అక్కడ 2వ తరగతి గోధుమ రంగు మేలు.

రంగుల్లో బూడిద రంగు అన్ని రంగులనూ ఉన్నట్టే చూపుతుంది, కాబట్టి డ్రైవర్లకు నప్పుతుంది. గోధుమ రంగు ఎత్తుపల్లాలను, పచ్చికలో బంతిని విడదీసి చూపుతుంది. పసుపు అద్దం మబ్బు పట్టినప్పటి మాట. దానితో రాత్రి బండి నడిపితే చూపు మెరుగుపడదు సరికదా, వచ్చే వెలుతురులో కొంత పోతుంది.

పగలనిది ఏది?

ఆటకైనా రాతి పనికైనా అద్దం పదార్థమే ప్రాణం. పాతకాలపు గాజు అద్దం దెబ్బ తగిలితే పెంకులై కంట్లో దిగుతుంది. 1940లలో వచ్చిన సీఆర్ 39 ప్లాస్టిక్ తేలికైనది, చూపు స్వచ్ఛంగా ఉంటుంది, చౌక కూడా. కానీ గట్టి దెబ్బకు అదీ పగులుతుంది. ఆటలకు నిలిచేవి రెండే. ఒకటి పాలీకార్బొనేట్. రెండోది 2001లో వచ్చిన ట్రైవెక్స్. పాలీకార్బొనేట్ వక్రీభవన గుణకం (కాంతిని వంచే శక్తి) 1.586, ట్రైవెక్స్‌ది 1.53, అందువల్ల ఒకే పవర్‌కు పాలీకార్బొనేట్ కాస్త పలచగా వస్తుంది. ట్రైవెక్స్ ఇంకా తేలిక, అంచుల్లో రంగుల చార తక్కువ, ఖరీదు ఎక్కువ. 1.67, 1.74 గుణకాల పలుచటి అద్దాలు పెద్ద పవర్ వాళ్లకు అందంగా ఉంటాయి. అయితే పలుచన వేరు, దెబ్బ తట్టుకునే బలం వేరు. ఆటకు వాటిని ఎంచుకునేవాళ్లు ఈ తేడా మరచిపోకూడదు.

దెబ్బ అంటే ఎంత దెబ్బ? మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. షటిల్ కార్క్ కంటి గుంతలో సరిగ్గా పట్టే పరిమాణంలో ఉంటుంది. మన వీధి క్రికెట్‌లోని టెన్నిస్ బంతి పెద్దదే అయినా, నొక్కుకుపోయి గుంతలోకి దిగగలదు. మైనస్ 6 దాటిన కంట్లో కంటిపొడవు పెరిగి రెటీనా పలచబడి ఉంటుంది. దెబ్బకు ఆ పొర చిరిగే, ఊడే ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. అంత పవర్ ఉన్న పిల్లలు కబడ్డీ, క్రికెట్ మొదలుపెట్టే ముందు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఆ తరువాత మెరుపులు, ఎగిరే నల్లచుక్కలు, పక్కనుంచి తెర కమ్మినట్టుండటం కనబడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

సైటు ఆటకు అడ్డుకాదని మన క్రికెట్టే చూపింది. 1988లో మద్రాసు టెస్టులో నరేంద్ర హిర్వానీ కళ్లజోడుతోనే వెస్టిండీస్‌పై 16 వికెట్లు తీశాడు. 1990లో అనిల్ కుంబ్లే టెస్టుల్లో అడుగుపెట్టింది కూడా కళ్లజోడుతోనే. వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ 1975 ప్రపంచకప్ ఫైనల్లో మందపాటి అద్దాల వెనుక నుంచే సెంచరీ కొట్టాడు. దెబ్బకు పగలని అద్దాలు ఇవాళ మన పిల్లలకు దొరుకుతున్నాయి.

వంపు ఫ్రేమ్, మైనస్ పవర్: అసలు చిక్కు

ముఖాన్ని చుట్టుకున్నట్టుండే స్పోర్ట్స్ ఫ్రేమ్ పక్కల నుంచి వచ్చే గాలిని, దుమ్మును, ఎండను ఆపుతుంది. తాండూరుకు అది మంచి గుణమే. కానీ మైనస్ పవర్‌కు, ఆ వంపుకు సహజంగా పొత్తు కుదరదు. మామూలు మైనస్ అద్దం బయటి ముఖం దాదాపు చదునుగా ఉంటుంది, వంపు ఫ్రేమ్ మాత్రం బాగా ఉబ్బిన అద్దాన్ని కోరుతుంది. దీనివల్ల మూడు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది మందం. మైనస్ అద్దం మధ్యలో పలచగా, అంచున మందంగా ఉంటుంది. వెడల్పాటి ఫ్రేమ్‌లో చెవి వైపు అంచు మరీ మందమవుతుంది.

రెండోది వాలు. మామూలు కళ్లజోడులో అద్దాలు దాదాపు ఎదురుగా ఉంటాయి, వంపు ఫ్రేమ్‌లో పక్కకు తిరిగి ఉంటాయి. మైనస్ 4 అద్దాన్ని 20 డిగ్రీలు అలా తిప్పితే, చీటీలో రాయని సిలిండర్ పవర్ (ఒక దిశలోనే పనిచేసే పవర్) అర డయాప్టరు పైగా దానంతటదే పుడుతుంది. చీటీలో ఉన్న పవర్‌నే యథాతథంగా వంపు ఫ్రేమ్‌లో వేస్తే తలనొప్పి, నేల వంగినట్టు కనబడటం అందుకే.

మూడోది కేంద్రం. అద్దం వెడల్పు 65, మధ్య వంతెన 15 మిల్లీమీటర్లున్న ఫ్రేమ్‌లో రెండు అద్దాల మధ్యబిందువుల దూరం 80 మిల్లీమీటర్లు. మీ కంటిపాపల మధ్య దూరం 62 అయితే, ఒక్కో అద్దం కేంద్రాన్ని 9 మిల్లీమీటర్లు లోపలికి జరపాలి. జరపకపోతే మైనస్ 5 అద్దంలో కంటికి 4.5 ప్రిజమ్ తప్పు, అంటే దృశ్యం పక్కకు జరిగే తప్పు, వస్తుంది. క్యాచ్ పట్టబోతే బంతి ఒకచోట, చేయి ఒకచోట.

ఈ మూడింటికీ పరిష్కారం ఉంది. ఫ్రేమ్ వాలు, కంటిపాపల దూరం, కంటికీ అద్దానికీ మధ్య ఎడం కొలిచి పంపితే, కంప్యూటర్ లెక్కతో పవర్‌ను సవరించి అద్దాన్ని చెక్కే ప్రయోగశాలలు ఇప్పుడున్నాయి. అలా చేయించినా వంపు ఫ్రేమ్ సుఖంగా కుదిరేది సాధారణంగా మైనస్ 4 లోపే. ఆరు దాటితే వంపు మోజు వదిలి, చిన్న సైజు, తక్కువ వంపు, పక్కల రబ్బరు గానీ రెక్క గానీ ఉన్న ఫ్రేమ్ తీసుకోవడం తెలివి.

ఉన్న దారులు, వాటి మంచిచెడులు

ఒకటి, నేరుగా పవర్ వేసిన రంగు అద్దాలు. చూపు, రక్షణ, తేలిక మూడూ కలిసేది ఇక్కడే. పవర్ నిలకడగా ఉన్న పెద్దవాళ్లకు ఇదే మొదటి ఎంపిక. పవర్ మారితే అద్దాలు మళ్లీ చేయించాలి.

రెండు, వంపు కళ్లజోడు లోపల తగిలించే చిన్న పవర్ ఫ్రేమ్. బయటి అద్దం మార్చుకోవచ్చు, పవర్ మారినా లోపలిదొక్కటే మారిస్తే చాలు. ఎదిగే పిల్లలకు, సైకిలు తొక్కేవాళ్లకు ఉపయోగం. కానీ చెమటకు ఆవిరి పడుతుంది, రెండు అద్దాల మధ్య దుమ్ము చేరుతుంది, కనురెప్ప వెంట్రుకలు తగులుతుంటాయి.

మూడు, మామూలు కళ్లజోడు మీద బిగించే రంగు క్లిప్, లేదా మొత్తం కళ్లజోడును కప్పేసే పెద్ద కళ్లద్దాలు. అన్నిటికన్నా చౌక. నడకకు, బస్సు ప్రయాణానికి, పొలం పనికి చాలు. బంతి ఆటకు వద్దు. రాతి పనిలో మాత్రం పవర్ అద్దాల మీద పెట్టుకునే రక్షణ గాగుల్స్ తప్పనిసరి. కంటి రక్షణ పరికరాలకు ఐఎస్ 5983 అనే భారతీయ ప్రమాణం ఉంది. యజమానులు ఆ గుర్తు చూసి కొని ఇవ్వాలి. కార్మికుడి చూపును కాపాడటం యజమాని దయ కాదు, బాధ్యత.

నాలుగు, ఎండకు నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలు. ఒకే జోడుతో సరిపోతుందని చాలామంది వీటికే మొగ్గుతారు. వీటిలోని రసాయనం చలిలో బాగా నల్లబడుతుంది, వేడిలో తక్కువ నల్లబడుతుంది. అంటే తాండూరు మే నెలలో, అవసరం ఎక్కువైనప్పుడే బలహీనపడుతుంది. పైగా అతినీలలోహిత కిరణాలు తగిలితేనే నల్లబడుతుంది కాబట్టి కారు ముందు అద్దం వెనుక సరిగా పనిచేయదు. తిరిగి తెల్లబడటానికి నిమిషాలు పడుతుంది. బడికి, ఊరి పనికి మంచిదే, మైదానానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

ఐదు, పోలరైజ్డ్ అద్దాలు. నీటి మీద, తడి రోడ్డు మీద, కారు బానెట్ మీద పడి ఎగిసే అడ్డ మెరుపును ఇవి కోస్తాయి. కోటిపల్లి జలాశయంలో, హైదరాబాద్ రోడ్డు మీద లారీ నడపడంలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫోను, సైకిలు మీటరు తెరలు కొన్ని కోణాల్లో నల్లగా కనబడటం వీటి లోపం. పోలరైజ్డ్ అని రాసి ఉన్నంత మాత్రాన యువి రక్షణ ఉన్నట్టు కాదు, అది విడిగా అడగాలి.

ఆరు, కాంటాక్ట్ లెన్సు, దానిమీద పవర్ లేని మామూలు స్పోర్ట్స్ గ్లాసులు. పెద్ద పవర్ వాళ్లకు చూపుపరంగా ఇంతకన్నా మేలైనది లేదు. నలువైపులా స్పష్టంగా కనబడుతుంది, ఏ వంపు ఫ్రేమైనా పెట్టుకోవచ్చు. లెన్సు కంటికి అంటుకుని ఉంటుంది కనుక పవర్ కూడా మారుతుంది; కళ్లజోడులో మైనస్ 6 ఉంటే లెన్సులో సుమారు మైనస్ 5.6 సరిపోతుంది. కానీ రాతి దుమ్ము లేచే చోట, చేతులు కడుక్కునే నీళ్లు లేని చోట లెన్సు ప్రమాదం. చెరువులో, జలాశయంలో లెన్సుతో దిగితే నీటిలోని అమీబా వల్ల కంటిని పోగొట్టే పుండు రావచ్చు. ఈతకు పవర్ వేసిన ఈత గాగుల్సే మార్గం.

లేజర్ శస్త్రచికిత్స గురించి ఒక మాట. 18 ఏళ్లు నిండి, పవర్ స్థిరపడినవాళ్లే దాని గురించి ఆలోచించాలి. అది అద్దాలను తీసేస్తుంది గానీ, పొడుగైన కంటిని, పలచబడ్డ రెటీనాను మార్చదు. ఎండ రక్షణ, దెబ్బ రక్షణ ఆ తరువాత కూడా కావాలి.

పరీక్ష, ఖర్చు, జాగ్రత్త

ఎంత మంచి అద్దమైనా తప్పు పవర్ మీద వేస్తే వృథా. పిల్లలకు చుక్కల మందు వేసి చూసిన పవర్‌నే నమ్మాలి. లేకపోతే కంటి కండరాల బిగువు వల్ల మైనస్ ఎక్కువగా తేలుతుంది. కావాలని తక్కువ పవర్ ఇస్తే సైటు పెరగదన్న నమ్మకానికి ఆధారం లేదు.

ప్రభుత్వం చేసినది తక్కువేమీ కాదు. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది, దాని కింద బడి పిల్లలకు ఉచిత కళ్లద్దాలు ఇస్తారు. తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైంది. ఊరూరా శిబిరాలు పెట్టి పరీక్షలు చేసి కళ్లద్దాలు ఇచ్చారు. పెద్ద సమస్యలకు హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆస్పత్రి, 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. తాండూరు నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఉచిత పథకాల్లో ఇక మిగిలిన లోటు ఒకటే. పిల్లలకిచ్చే అద్దాలు పాలీకార్బొనేట్‌వి కావాలి, వాటికి తల వెనుక బిగించే పట్టీ ఉండాలి. ఆ చిన్న మార్పుతో ఉచిత కళ్లజోడే ఆట కళ్లజోడవుతుంది.

పన్ను కూడా తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు సరిచేసే కళ్లజోళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పవర్ వేసిన గాగుల్స్ కూడా ఆ పద్దులోకే వస్తాయి, కాబట్టి బిల్లులో 5 శాతమే ఉందో లేదో చూసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే బ్రాండు పేరు, అద్దపు పూత రంగు వదులుకోండి. పాలీకార్బొనేట్, యువి 400, సరైన కొలతలు మాత్రం వదులుకోవద్దు.

వాడకంలో తాండూరువాసులకు ఒక హెచ్చరిక. అద్దం మీద రాతి దుమ్ము ఉండగా చొక్కా అంచుతో తుడిస్తే ఆ రేణువులే గీతలు పెడతాయి. పాలీకార్బొనేట్ గీతలకు మెత్తన. ముందు నీళ్లతో కడిగి, తరువాత మెత్తటి గుడ్డతో అద్దాలి. ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు మీద కళ్లజోడు పెడితే వేడికి పూత బీటలు వారుతుంది.

తీర్పు

అన్నీ తూచి చూస్తే వరుస ఇది: ముందు సరైన పవర్, తరువాత పగలని పదార్థం, ఆ తరువాత యువి రక్షణ, అటుపైన తగినంత నలుపు, చిట్టచివర వంపూ సోకూ. మన దుకాణాల్లో బేరం ఇప్పుడు సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది. మైనస్ 4 లోపు పెద్దలు లెక్కతో సవరించిన పవర్ అద్దాలు, మితమైన వంపు ఫ్రేమ్ తీసుకోవచ్చు. ఆరు దాటినవాళ్లు చిన్న చదును ఫ్రేమ్ గానీ, శుభ్రత పాటించగలిగితే కాంటాక్ట్ లెన్సు గానీ ఎంచుకోవాలి. పిల్లలకు పట్టీ ఉన్న పాలీకార్బొనేట్ కళ్లజోడు, నడి ఎండ వేళ దానిమీదికి రంగు అద్దాలు. గని కార్మికులకు పవర్ అద్దాలు, వాటిమీద ప్రమాణం ఉన్న గాగుల్స్.

తాండూరు, వికారాబాద్ తల్లిదండ్రులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు చివరి విన్నపం: కళ్లజోడున్న పిల్లను ఆటలో పక్కన కూర్చోబెట్టకండి. తగిన కళ్లజోడు పెట్టించి మైదానంలోకి పంపండి.